గుండీల ఊరు మస్కటీన్: నేషనల్ పెర్ల్ బటన్ మ్యూజియంపై ఒక సమీక్ష

అయోవా రాష్ట్రపు తూర్పు అంచున, తూర్పు నుంచి వచ్చిన మిసిసిపీ నది దక్షిణానికి మళ్లే చోట మస్కటీన్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరి నడిబొడ్డున, సెకండ్ స్ట్రీట్‌లోని పాత వ్యాపార భవనాల వరుసలో నేషనల్ పెర్ల్ బటన్ మ్యూజియం నడుస్తోంది. చొక్కా గుండీలకు ఒక మ్యూజియం, దానికి మళ్లీ 'నేషనల్' అన్న పేరు అని చెబితే వినేవారికి నవ్వు రావడం సహజమే. ఊరి జనాభా ఇరవై నాలుగు వేలకు కొంచెం తక్కువ. అయితే 1905లో ఈ ఒక్క ఊరే ఏడాదికి 150 కోట్ల గుండీలు తయారుచేసిందని, ప్రపంచమంతటా ఆనాడు తయారైన గుండీలలో మూడోవంతుకు పైగా ఇక్కడివేనని అంచనా అని తెలిశాక ఆ పేరులో అతిశయోక్తి ఏమీ కనిపించదు. ఈ మ్యూజియం తప్పక చూడదగినది. కాకపోతే ఆ నాలుగు గోడల మధ్యనే చూసి తిరిగి వచ్చేస్తే సగం చూసినట్టే అవుతుంది కనుక, ఈ సమీక్షలో మ్యూజియంతో పాటు ఊరి గురించి, నది గురించి కూడా చెప్పక తప్పదు.

షికాగో వంటి నగరాల మ్యూజియాలకు అలవాటుపడినవారు ఇక్కడ ఆర్భాటాన్ని ఆశించి వెళ్లకూడదు. ఒక వస్తువు ఎలా తయారవుతుందో మొదటి నుంచి చివరి వరకు తెలుసుకోవాలన్న కుతూహలం ఉన్నవారికి మాత్రం ఇంత తృప్తినిచ్చే చోట్లు అరుదు. నది అడుగున ఇసుకలో కూరుకుని బతికే ఆల్చిప్ప, దుకాణంలో అట్టముక్క మీద కుట్టి అమ్మే డజను గుండీలుగా మారేలోపు ఎన్ని చేతులు దాటిందో పనిముట్లు, యంత్రాలు, చిప్పలు, పాత ఛాయాచిత్రాల ద్వారా ఇక్కడ అర్థమవుతుంది. సాంకేతిక వివరాలు తెలియనివారు కూడా వరుసగా చూసుకుంటూ పోతే ఎక్కడా తికమక పడరు.

గుండీలకు ముందు మస్కటీన్ కలప మీద బతికింది. ఉత్తరాన విస్కాన్సిన్, మిన్నెసోటా అడవులలో నరికిన పైన్ దుంగలను పెద్ద పెద్ద తెప్పలుగా కట్టి నది మీద దించితే, ఒడ్డున ఉన్న రంపపు మిల్లులు వాటిని కోసి పలకలు చేసేవి. పందొమ్మిదో శతాబ్దం ముగిసే నాటికి ఆ అడవులు తరిగిపోయి మిల్లుల పని సన్నగిల్లుతున్న సమయంలోనే జాన్ ఫ్రెడరిక్ బోపుల్ అనే జర్మన్ పనివాడు ఈ ఊరు చేరాడు. హాంబర్గ్ పక్కనున్న ఒట్టెన్సెన్‌లో గుండీల పని నేర్చిన ఈయన 1887లో అమెరికా వచ్చి, ఇల్లినాయ్ రాష్ట్రంలోని సాంగమన్ నదిలో స్నానానికి దిగినప్పుడు కాలికి ఏదో కోసుకుపోతే, వంగి చూడగా నది అడుగంతా చిప్పలు పరచుకుని కనిపించాయని చెబుతారు. చిప్ప దొరికినంత మాత్రాన వ్యాపారం సాగదు. దిగుమతి గుండీలు చవకగా వస్తున్నంతకాలం స్థానికంగా చేసి గిట్టుబాటు కాదు. 1890లో వచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం ఆ దిగుమతుల మీద పన్నును విపరీతంగా పెంచి ఆ అడ్డంకిని తొలగించింది. మరుసటి ఏడాదే, అంటే 1891లో, బోపుల్ మస్కటీన్‌లో చిన్న కార్ఖానా తెరిచాడు. ఆయన పని చూసి నేర్చుకున్నవారు పక్కనే తమ సొంత కార్ఖానాలు పెట్టుకున్నారు. చేతిపనినే నమ్మి యంత్రాలను దగ్గరకు రానివ్వని బోపుల్ చివరకు ఆ పోటీలో నిలవలేక, తాను ప్రారంభించిన పరిశ్రమలో తానే వెనకబడిపోయాడు.

చిప్పలు పట్టే పద్ధతి చూపే పనిముట్ల దగ్గర ఎక్కువసేపు ఆగడం మంచిది. అడుగు సమంగా ఉండే బల్లకట్టు వంటి పడవ మీద, రెండు వైపులా కర్రలకు గానీ ఇనప గొట్టాలకు గానీ పొట్టి తాళ్లు వేలాడదీసి, ఆ తాళ్ల చివర వంచిన తీగ కొక్కేలు కట్టేవారు. నాలుగు కొసలున్న ఆ కొక్కేన్ని కాకికాలు అని పిలిచేవారు. ఆల్చిప్ప నది అడుగున ప్రవాహానికి ఎదురుగా కొద్దిగా నోరు తెరుచుకుని నీటిని వడకట్టి ఆహారం తీసుకుంటూ ఉంటుంది. కొక్కెం కొస ఆ సందులో తగలగానే చటుక్కున మూసుకుంటుంది, అంతే, తనంతట తానే కొక్కేనికి వేలాడుతుంది. ఎర లేదు, వల లేదు. ప్రాణం కాపాడుకోవడానికి అది చేసే ఒకే ఒక్క పనిని ఆధారం చేసుకుని దానిని పట్టారు. పడవ నడవడానికి తెడ్డు కూడా అవసరం లేకుండా, నీటి కింద ఒక తెరచాపను దించి ప్రవాహమే పడవను లాక్కుపోయేలా చేసేవారు. ఈ చిన్న ఏర్పాటులో ఉన్న తెలివి, ఆ తెలివి వల్ల నదికి జరిగిన నష్టం, రెండూ ఆ తుప్పుపట్టిన తీగ కొక్కేలను చూస్తుంటేనే తెలుస్తాయి.

ఒడ్డుకు చేర్చిన చిప్పలను రేకు తొట్లలో ఉడకబెట్టి, నోళ్లు తెరుచుకున్నాక మాంసం ఊడదీసి, ముత్యం ఏదైనా ఉందేమోనని చేత్తో తడిమి చూసేవారు. మంచి ముత్యం దొరికితే ఆ కుటుంబానికి ఆ ఏడాది గడిచిపోయేది గానీ, అటువంటివి చాలా అరుదు. ఖాళీ చిప్పలను టన్నుల లెక్కన కొనుగోలుదారులు తీసుకువెళ్లేవారు. ఉడుకుతున్న మాంసం కంపు మైళ్ల దూరం వ్యాపించేదని ఆ కాలపు వర్ణనలు చెబుతాయి. ఏ మ్యూజియమూ ఆ వాసనను చూపలేదు కనుక, శుభ్రంగా తుడిచిన గాజు పెట్టెల ముందు నిలబడినప్పుడు ఈ సంగతిని మనమే గుర్తుచేసుకోవాలి.

కార్ఖానాలో జరిగే పని ఇంకా ఓపికతో కూడినది. ఎండిన చిప్ప పెళుసుగా ఉంటుంది కాబట్టి ముందు పీపాలలో నీళ్లు పోసి రోజుల తరబడి నానబెట్టాలి. తరువాత గొట్టం ఆకారంలో ఉండి అంచున పళ్లున్న రంపం తిరుగుతుంటే, పనివాడు పట్టకారుతో చిప్పను దానికి ఆనించి గుండ్రటి బిళ్లలు కోస్తాడు. వేడి పుట్టకుండా, ధూళి లేవకుండా నీళ్లు పడుతూనే ఉండాలి. మందంగా ఉన్న భాగం నుంచి పెద్ద గుండీలు, అంచుల నుంచి చిన్నవి తీస్తూ, ఒక్క చిప్పలో ఎన్ని బిళ్లలు వస్తాయో చూపుతోనే లెక్క కట్టడంలోనే పనివాడి నేర్పు ఉంది. గుండీ సైజును అంగుళంలో నలభయ్యో వంతును ప్రమాణంగా తీసుకుని కొలిచేవారు, ఆ కొలత నేటికీ దుస్తుల పరిశ్రమలో వాడుకలో ఉంది. కోసిన బిళ్లలను ఒకే మందానికి అరగదీసి, ముఖం వైపు నగిషీ చెక్కి, రంధ్రాలు తొలిచి, ఆమ్లం కలిపిన పీపాలలో దొర్లించి మెరుగు పెట్టాక, మెరుపును బట్టి, రంగును బట్టి వేరుచేసేవారు. నగిషీని, రంధ్రాలను ఒకే యంత్రం చేసే విధంగా ఇదే ఊరిలోని బారీ కుటుంబం 1904లో తయారుచేసిన డబుల్ ఆటోమేటిక్ యంత్రమే మస్కటీన్‌ను ప్రపంచ స్థాయికి తీసుకుపోయింది. దాన్ని ఆపరేట్ చేసేది ఎక్కువగా ఆడపిల్లలు. తిరిగే గుంటలలో ఒక్కొక్క బిళ్లను వేలితో పెట్టడమే వారి పని, ఆగకుండా తిరిగే చక్రం వేగాన్ని వారి వేళ్లు అందుకోవాలి. చివరికి గుండీలను అట్టల మీద కుట్టే పనిని ఇళ్లకు పంపిస్తే, తల్లులు, పిల్లలు కలిసి కూర్చుని కుట్టి ఇచ్చేవారు.

ఈ ఊరి పాత సామాను దుకాణాలలో అటువంటి అట్టలు ఇప్పటికీ దొరుకుతాయి. నేను కొన్న అట్ట పసుపు పచ్చబడిపోయింది, కుట్టిన దారం ముట్టుకుంటే తెగేలా ఉంది, గుండీలు మాత్రం నిన్న చేసినట్టు ఉన్నాయి. వస్తువుగా వాటి గుణం గురించి కూడా కొంత చెప్పాలి. ప్లాస్టిక్ గుండీ పక్కన పెట్టి చెంపకు ఆనిస్తే చిప్ప గుండీ చల్లగా తగులుతుంది, గుప్పెట్లో వేసుకుని కదిపితే గలగలమని చిన్న రాళ్ల చప్పుడు చేస్తుంది. ముఖం నునుపుగా, సమంగా ఉన్నా వెనక్కి తిప్పితే చాలా గుండీలకు లేత గోధుమరంగు మచ్చ గానీ, చిప్ప పైపొర తాలూకు చిన్న వంపు గానీ కనిపిస్తుంది. వెలుతురులో తిప్పుతుంటే తెలుపులోంచి గులాబీ, లేత ఆకుపచ్చ జీరలు కదులుతాయి, పైగా ఏ రెండు గుండీలలోనూ ఆ జీర ఒకేలా ఉండదు. లోపాలు కూడా లేకపోలేదు. మిషన్‌లో తరచుగా ఉతికితే మెరుపు పోతుంది, ఘాటైన డిటర్జెంట్లకు పైపొర పొడిబారుతుంది, గట్టి నేల మీద పడితే అంచు పగులుతుంది. రోజూ వేసుకునే చొక్కాకు కుట్టించుకోవడం కన్నా పండగకు వేసుకునే లాల్చీకి వాడుకోవడం మేలని నా అభిప్రాయం. అట్టతో పాటు గుండ్రటి రంధ్రాలు పడిన చిప్ప కూడా ఒకటి తీసుకోండి. ఎంత భాగం గుండీలైందో, ఎంత భాగం వృథాగా మిగిలిందో ఒక్క చూపులో తెలుస్తుంది. మిగిలిన తుక్కును కోళ్ల దాణాలో కలిపారు, దారులకు పరిచారు.

యంత్రాల పొందికను చూసి ముచ్చటపడేవారు ఆ యంత్రాల ముందు నిలబడినవారి చరిత్రను కూడా చదువుకుని వెళితే బాగుంటుంది. చిప్పల నుంచి బిళ్లలు కోసే కటర్లకు గ్రోసు లెక్కన కూలి ఇచ్చేవారు. గ్రోసు అంటే పన్నెండు డజన్లు అని అందరికీ తెలుసు, కానీ పాడైన బిళ్లలు ఉంటాయన్న సాకుతో యజమానులు పద్నాలుగు డజన్లు తీసుకుని గ్రోసు కూలి చెల్లించేవారు. ధూళి, తడి, కోసుకుపోయే వేళ్లు, లెక్కలో మోసం అన్నీ కలిసి కార్మికులు సంఘం పెట్టుకునే దాకా వచ్చింది. 1911 ఫిబ్రవరిలో యజమానులు కార్ఖానాలకు తాళాలు వేశారు. ఊరు రెండుగా చీలిపోయి, వీధుల్లో ఘర్షణలు జరిగి, గవర్నరు సైనిక దళాలను పంపించవలసి వచ్చింది. మధ్యలో ఒక ఒప్పందం కుదిరినా నిలవక, సమ్మె మళ్లీ మొదలై 1912 దాకా సాగింది. పదహారేళ్ల వయసుకు ఇక్కడికి పనికి వచ్చిన పెర్ల్ మెగిల్ అనే అమ్మాయి ఆ సమ్మె కాలంలోనే వక్తగా ఎదిగింది. ఊరూరా తిరిగి విరాళాలు సేకరించింది, ఆపైన మసాచుసెట్స్‌లోని లారెన్స్ బట్టల మిల్లు కార్మికుల ప్రసిద్ధ సమ్మెలోనూ పాల్గొంది. నా దృష్టిలో గుండీల కథకు నాయకుడు బోపుల్ అయితే నాయిక ఈమే. ఇక్కడికి వచ్చేవారు మెరిసే గుండీల ఫొటోలకు ఇచ్చే సమయంలో కొంతైనా ఈమెకు కేటాయించాలి.

నది సంగతి వేరే. మొదట్లో చిప్పలకు అంతే లేదనుకున్నారు. పదేళ్లు తిరగకుండానే మస్కటీన్ చుట్టుపక్కల పట్టు తగ్గిపోయి, కొనుగోలుదారులు ఇల్లినాయ్, ఇండియానా, అర్కాన్సా నదుల వైపు వెళ్లవలసి వచ్చింది. చిప్పను కోసే పని ఏ నది దగ్గర చిప్ప దొరికితే ఆ నది దగ్గరకే పోయింది, అక్కడి నుంచి బిళ్లలు మాత్రం మెరుగు పెట్టడానికి మస్కటీన్‌కు వచ్చేవి. వాష్‌బోర్డ్, పిగ్‌టో, పింపుల్‌బ్యాక్, మంకీఫేస్ అని పడవవాళ్లు వాటి ఆకారాలను బట్టి పెట్టుకున్న పేర్లు సరదాగా ఉంటాయి. వాటన్నిటిలో ఎబొనీషెల్ మేలైనది, బయట నల్లగా, లోపల పాలరాతి తెలుపుతో ఉండేది. దీని కథను కొంచెం వివరంగా చెప్పాలి. ఆల్చిప్ప పిల్లలు పుట్టగానే చేప మొప్పలకు అంటుకుని కొన్ని వారాలు గడిపితే తప్ప బతకవు. ఎబొనీషెల్ పిల్లలకు ఆశ్రయమిచ్చేది స్కిప్‌జాక్ హెర్రింగ్ అనే వలస చేప. మస్కటీన్‌కు దిగువన కియోకక్ దగ్గర 1913లో జలవిద్యుత్ ఆనకట్ట పూర్తికావడంతో ఆ చేప పైకి రావడం ఆగిపోయింది. చేప రాకపోయేసరికి, వేట ఆపినా ఆపకపోయినా ఎగువ నదిలో ఎబొనీషెల్ మళ్లీ పుట్టే దారి మూసుకుపోయింది.

ఈ తరుగుదలను ఆపాలని ఫెడరల్ ప్రభుత్వం మస్కటీన్‌కు ఎగువన ఫెయిర్‌పోర్ట్‌లో ఒక జీవశాస్త్ర పరిశోధన కేంద్రం పెట్టింది. చేపలను తొట్లలో ఉంచి, ఆల్చిప్ప పిల్లలను వాటి మొప్పలకు అంటుకునేలా చేసి, తిరిగి నదిలో వదలడం అక్కడి ప్రధాన ప్రయోగం. వ్యాపారం చేజారిన బోపుల్ చివరి రోజుల్లో ఆ కేంద్రంలోనే చిప్పల నిపుణుడిగా ఉద్యోగం చేశాడు. నదిలో దిగి పనిచేస్తుండగా చిప్ప అంచుకు కాలు తెగి, అది విషమించి 1912లో చనిపోయాడు. సాంగమన్ నదిలో మొదలైన కథ ఇలా ముగియడాన్ని కల్పనలో రాస్తే ఎవరూ నమ్మరు. ఆ కేంద్రం ఉన్న చోట నేడు రాష్ట్ర ప్రభుత్వం చేపపిల్లల పెంపకం నడుపుతోంది. మస్కటీన్ నుంచి నది వెంట డావెన్‌పోర్ట్ వైపు వెళ్లే 22వ నంబరు రోడ్డు మీదనే ఉంది కాబట్టి ప్రత్యేకంగా దారి మళ్లవలసిన పని లేదు. ఇంకొక సంగతి మన పాఠకులకు ఆసక్తి కలిగించవచ్చు. గుండీల కాలం ముగిశాక ఈ నదుల చిప్పలు జపానుకు ఎగుమతి అయ్యాయి. సముద్రపు ముత్యాల పెంపకంలో ఆల్చిప్ప లోపల పెట్టే గుండ్రటి గింజను ఈ చిప్పల నుంచే చేసేవారు. హైదరాబాదు పత్తర్‌గట్టీలో కొన్న సముద్రపు కల్చర్డ్ ముత్యం నడుమ మిసిసిపీ పరీవాహకపు చిప్ప ముక్క ఉండటానికి మంచి అవకాశమే ఉంది.

గుండీల పరిశ్రమను చంపింది చిప్పల కొరత ఒక్కటే అనుకుంటే పొరపాటు. జిప్పులు వచ్చాయి, బట్టలుతికే యంత్రాలు వచ్చాయి, రెండో ప్రపంచ యుద్ధం తరువాత చవకైన ప్లాస్టిక్ వచ్చింది. 1960ల నాటికి చిప్ప గుండీల పని దాదాపు అంతరించింది. అయినా మిసిసిపీ వెంట కనిపించే కొన్ని పాత పారిశ్రామిక పట్టణాల మాదిరి మస్కటీన్ పాడుపడిన గోడల ఊరుగా మిగలలేదు. హైంజ్ అనే ఆహార సంస్థ 1893లోనే తన సొంత ఊరు పిట్స్‌బర్గ్‌కు వెలుపల తన మొదటి కర్మాగారాన్ని ఇక్కడ పెట్టింది. ఇప్పుడు హెచ్‌ఎన్‌ఐ అనే పేరుతో ఆఫీసు ఫర్నిచర్‌లో ప్రసిద్ధి చెందిన సంస్థ 1944లో వంటింటి బీరువాలు చేయాలని మొదలై, యుద్ధానంతరపు ఉక్కు కొరతలో తుక్కు రేకుతో కార్డులు దాచుకునే చిన్న పెట్టెలు చేసి నిలదొక్కుకుంది. మన లారీ యజమానులకు బాగా తెలిసిన టైర్ల కోల్డ్ రీట్రెడింగ్‌లో పేరు మోసిన బ్యాండాగ్ కూడా 1957లో రాయ్ కార్వర్ ఈ ఊరిలోనే స్థాపించినది. దాని మూల పద్ధతి కూడా బోపుల్ లాగే జర్మనీ నుంచి వచ్చిందే. మస్కటీన్‌కు బయటివారి పనితనాన్ని తెచ్చుకుని తనది చేసుకునే అలవాటు మొదటి నుంచీ ఉన్నట్టుంది.

ఊరిని నడిచి చూడటానికి ఒక పూట చాలు. మూడో వీధిలో అలెగ్జాండర్ క్లార్క్ ఇల్లు ఉంది. క్షురకవృత్తి చేసి, ఆవిరి పడవలకు కట్టెలు అమ్మి సంపాదించుకున్న ఈ నల్లజాతి నాయకుడు తన కుమార్తె సూసన్‌ను ఊరి బడిలో చేర్చుకోనందుకు కోర్టుకు వెళ్లి, 1868లో అయోవా సుప్రీం కోర్టులో గెలిచాడు. దేశమంతటికీ వర్తించే అటువంటి తీర్పు రావడానికి 1954 దాకా ఆగవలసి వచ్చిందంటే ఆ విజయం ఎంత ముందుచూపుతో కూడినదో ఊహించుకోవచ్చు. ఆయన లైబీరియాలో అమెరికా రాయబారిగా పనిచేస్తూ మరణించినా సమాధి మాత్రం ఇక్కడే ఉంది. 1985లో చైనా వ్యవసాయ బృందంతో వచ్చిన యువ అధికారి షీ జిన్‌పింగ్ ఇక్కడి ఒక ఇంట్లో బస చేసి, 2012లో ఉపాధ్యక్ష హోదాలో మళ్లీ వచ్చి పలకరించి వెళ్లడం ఊరివారు ఇప్పటికీ చెప్పుకునే విషయం. అది వింతే గానీ చూడటానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. నది ఒడ్డున పార్కు బాగుంది. చిప్పలు పట్టే మనిషి విగ్రహం కూడా అక్కడే ఉంది. యువకుడిగా కొంతకాలం ఇక్కడ గడిపిన మార్క్ ట్వైన్ తరువాత రోజుల్లో ఈ ఊరి సూర్యాస్తమయాలను మెచ్చుకున్నాడు, ఆ మెప్పులో మొహమాటం లేదని వేసవి సాయంత్రం చూసినవారు ఒప్పుకుంటారు.

అన్నీ పొగడటం సమీక్ష అనిపించుకోదు. మస్కటీన్‌కు సొంత కారు లేకుండా రావడం దాదాపు అసాధ్యం. గాలి దిక్కును బట్టి మొక్కజొన్న శుద్ధి చేసే కర్మాగారాల వాసన ఊళ్లోకి వస్తుంది, కొందరికి అది తలనొప్పి తెప్పిస్తుంది. ఊరికీ నది ఒడ్డుకూ మధ్య రైలు పట్టాలు అడ్డం వస్తాయి, పొడవైన గూడ్సు బండి వచ్చినప్పుడు పిల్లలకు సరదా, పెద్దలకు విసుగు. శాకాహారులకు తిండి దొరకడం కొంచెం కష్టమే. ఒక భోజనశాలలో మాంసం లేని సూప్ కావాలంటే, అందులోని కోడి ముక్కలు ఏరేసి మర్యాదగా తెచ్చి పెట్టారు. పులిహోర కట్టుకుని వెళ్లి నది ఒడ్డు బల్లల మీద తినడం ఉత్తమం. ఆగస్టు ప్రాంతంలో వెళ్లేవారు ఊరికి దక్షిణాన ఇసుక నేలల్లో పండే ఖర్బూజాలను, పుచ్చకాయలను రోడ్డు పక్క దుకాణాలలో తప్పక కొనాలి. ఈ చుట్టుపక్కల మస్కటీన్ కాయలంటే ప్రత్యేకమైన పేరుంది.

డావెన్‌పోర్ట్, మోలీన్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకు ఇది సుమారు 30 మైళ్లు, అయోవా సిటీ నుంచి దాదాపు 40 మైళ్లు, షికాగో నుంచి 200 మైళ్ల వరకు ఉంటుంది. షికాగో నుంచి దీని కోసమే రావాలని చెప్పను, డావెన్‌పోర్ట్, మోలీన్ తదితర ఊళ్లు కలిసిన క్వాడ్ సిటీస్‌కు వచ్చినవారు మరో పూట కలుపుకుంటే సరిపోతుంది. ఐదేళ్ల లోపు పిల్లలు మ్యూజియంలో త్వరగా విసిగిపోతారు. ఏడెనిమిదేళ్లు దాటినవారికి మాత్రం రంధ్రాల చిప్ప ఒక్కటి చేతికిస్తే ప్రశ్నలు ఆగవు. చిన్న మ్యూజియం కనుక తెరిచి ఉండే రోజులు, వేళలు ముందుగా ఫోన్ చేసి కనుక్కుని బయలుదేరాలి. పొద్దున మ్యూజియం, మధ్యాహ్నం క్లార్క్ ఇల్లు, నది ఒడ్డు చూసి, తిరుగు ప్రయాణంలో పెద్ద రహదారికి బదులు 22వ నంబరు రోడ్డు పట్టుకుంటే ఫెయిర్‌పోర్ట్, ఆ తరువాత వైల్డ్‌క్యాట్ డెన్ పార్కులో 1848 నాటి పైన్ క్రీక్ పిండిమర వరుసగా తగులుతాయి. నది ఒడ్డున చిప్పలు కనిపించినా ఏరుకోవద్దని పిల్లలకు ముందే చెప్పాలి. హిగ్గిన్స్ ఐ వంటి జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నందున ఆల్చిప్పలను తీసుకోవడం మీద చట్టపరమైన ఆంక్షలు ఉన్నాయి. గుండీలు కోసిన పాత చిప్ప ఇంటికి కావాలంటే పాత సామాను దుకాణంలో కొనుక్కోవచ్చు.